గది చప్పుడు

అక్టోబరు 5, ఆదివారం

నీ ఇంట్లో ఎవ్వరూ మాట్లాడనప్పుడు ఏం వినబడుతుందో నీకు తెలుసా?

ఎవరినడుగుతున్నానో నాకే తెలియదు. డైరీ ముందు కూర్చున్నా ఎదురుగా సభ ఉన్నట్టే ఉంటుంది నాకు. వారమంతా మైకు సెట్లు అద్దెకిచ్చి, ఆదివారం వాక్యం చెప్పేవాడిని. నిశ్శబ్దం గురించి నన్నడగడమంటే చేపని ఎండ గురించి అడగడమే. అయినా ఈ ప్రశ్న నాది కాదు, మా చెల్లెలిది. ఇవాళ ప్రార్థన అయ్యాక హాలు మెట్ల మీద కూర్చుని అడిగింది. నేను ఏదో చెప్పబోయాను. చూశావా అన్నయ్యా, ఆలోచించనన్నా లేదు, అప్పుడే నోరు తెరిచేశావు అని నవ్వింది.

నిన్న దిగింది. భుజాన కెమెరా, మెడలో హెడ్‌ఫోన్, పాపిట్లో తెల్లవెంట్రుకలు. ప్రార్థనకి రావడం మానేసి ఎన్నేళ్ళయిందో. ఇవాళ వచ్చింది, ఆఖరి వరసలో, కళ్ళు తెరుచుకునే కూర్చుంది. నాకింకా అది పిచ్చుకే. చిన్నప్పుడు షాపులో హారన్ల పెట్టె మీద ముడుచుకుని నిద్రపోయేది, అప్పుడు పెట్టిన పేరు. నేను సైకిలుకి హారన్లు కట్టుకుని పెళ్ళిళ్ళకి బయల్దేరితే వైరు చుట్ట మెడలో వేసుకుని వెనక పరిగెత్తేది. మైకు టెస్టింగు దాని డ్యూటీ. ఒక పెళ్ళిలో హలో హలో, మా అన్నయ్య పొద్దున్నుంచి ఏమీ తినలేదు, ఎవరన్నా చూడండి అని నాలుగు వీధులకీ వినబడేట్టు అనేసింది. పెళ్ళికూతురి తండ్రి స్వయంగా విస్తరి పట్టుకొచ్చాడు.

ఆ రోజుల్లో ఈ వీధికి ఎన్ని గొంతులు! పెళ్ళిళ్ళు, స్కూలు ఆటల పోటీలు, తప్పిపోయిన పిల్లల ఆనవాళ్ళు. ఇప్పుడు నా హారన్లు దుమ్ము తింటున్నాయి. యుద్ధం మొదలయ్యాక మైకు మీద హక్కు సైన్యం ఆఫీసుకే. ఎవరి పిల్లలు ఏ రోజు యుద్ధానికి బస్సెక్కాలో చెప్పడానికి.

పిచ్చుక యుద్ధం వద్దని డాక్యుమెంటరీ తీస్తోంది. యుద్ధం జరుగుతుండగానే. పిల్లలు బస్సెక్కి వెళ్ళిన ఇళ్ళకి వెళ్ళాలట. కెమెరాని చూస్తే ఎవరూ తలుపు తీయరు, నిన్ను చూస్తే తీస్తారు, తోడు రా అంది. సరేనన్నాను. ఒకటే షరతు: సినిమాలో నేను మాట్లాడాలి. వాక్యం చేత పట్టుకుని ఈ యుద్ధం మీద నిప్పులు కురిపించాలని ఎప్పటినుంచో ఉంది.

చూద్దాంలే అంది. దాని చూద్దాంలే నాకు తెలుసు.

అక్టోబరు 7, మంగళవారం

మొదట బేకరీ వాళ్ళిల్లు. బేకరీ ఆవిడ కెమెరా ముందు కూర్చుని గడగడా చెప్పింది. మా వాడు సింహం, దేశం కోసం పుట్టాడు, నాకేం దిగులు లేదు. ఆఫీసు మైకులో వచ్చే మాటలే, అదే వరసలో. పిచ్చుక అంతా ఓపిగ్గా విని, ఇక అందరూ కాసేపు ఊరికే కూర్చోండి, ఎవరూ మాట్లాడొద్దు అంది. రూమ్ టోన్ పట్టాలట. ప్రతి గదికీ తనదైన చప్పుడొకటి ఉంటుందట. సినిమాలో ముక్కకీ ముక్కకీ మధ్య అతుకు కనబడకుండా ఉండాలంటే ఆ చప్పుడు కింద పరవాలట.

కూర్చున్నాం. పొయ్యి పక్కన బోర్లించిన పిండి డబ్బా ఉంది. ఆవిడ కళ్ళు దాని మీదికి వెళ్ళాయి. వాడు కూర్చునేది దాని మీదే అని ఎవరూ చెప్పనక్కర్లేదు. సింహం గురించి చెప్పిన మొహం మెల్లగా కరిగిపోవడం మొదలైంది.

అప్పుడు నేను స్తోత్రం అన్నాను.

అనాలని అనలేదు. వచ్చేసింది. మా హాల్లో ప్రార్థన చేసేవాళ్ళు ఊపిరి కోసం ఆగితే పక్కవాళ్ళు స్తోత్రంతో ఆ ఖాళీ పూడ్చాలి. సందు దొరికితే సైతాను దూరతాడని నేనే నేర్పాను అందరికీ. పిచ్చుక హెడ్‌ఫోన్ తీసి నన్ను చూసిన చూపు! చిన్నప్పుడు దాని పలక మీద నేను కూర్చున్నప్పుడు కూడా అలాగే చూసింది. బేకరీ ఆవిడ మాత్రం పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. బస్సు వెళ్ళాక నవ్వడం ఇదే మొదలట.

రెండో ఇంట్లోనూ స్తోత్రం. అక్కడ పిల్లవాడు కూర్చునేది బోర్లించిన బకెట్టు మీద.

మూడో ఇంటికి నన్ను పెరట్లోకి తరిమింది.

అక్టోబరు 9, గురువారం

ఇవాళ కూడా పెరట్లోనే. కోళ్ళకి వాక్యం చెప్పాను.

అక్టోబరు 11, శనివారం

టైలరు మామ ఇల్లు. ఈ ఇంట్లో మాత్రం లోపల ఉంటానని బతిమాలాను.

నాకు బడి నాలుగో తరగతితో సరి. చదవడమంటూ వచ్చింది మామ మిషను పక్కనే. గ్రంథం నా ఒళ్ళో పెట్టి, చదవరా అబ్బాయ్, చేతులకి పని ఉంది, చెవులు ఖాళీగా ఉన్నాయి అనేవాడు. నేను కూడబలుక్కుంటూ చదివేవాడిని, ఆయన తొక్కేవాడు. కుట్టు చివరికొస్తే మిషను ఆగేది. మిషనుతో పాటు నేనూ ఆగేవాడిని. ఆయన ఆమెన్ అనేవాడు. మళ్ళీ చక్రం తిరిగేది. ఇవాళ నా ప్రసంగంలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ పరిగెత్తాలో నేర్పింది ఏ పండితుడూ కాదు, చొక్కా చేతులూ కాలర్లూ. పిచ్చుక మిషను కింద కూర్చుని గుడ్డపేలికలతో బొమ్మలు కట్టుకునేది. కిటికీలోంచి ఎండ, మిషను నూనె వాసన, అత్త తిట్లు. ఆ గదిలో ఎన్ని మధ్యాహ్నాలు గడిచాయో. ఇవాళ వెళితే ఏమీ మారలేదు. కిటికీ దగ్గర వాళ్ళబ్బాయి కూర్చునే స్టూలు ఒక్కటే ఖాళీ. బస్సెక్కినవాడి నుంచి కబురు లేదు.

మామ కెమెరా ముందు ఒక్క ముక్క మాట్లాడనన్నాడు. చెప్పడానికేముందే పిల్లా, వెలుతురుండగా ఈ కాలర్లు కానివ్వాలి అని పని చేసుకుంటూనే ఉన్నాడు. పోనీ మిషను కాసేపు ఆపు మామా, గది చప్పుడు పడతాను అంది పిచ్చుక. ఆపాడు.

పళ్ళతో నాలుక కరుచుకున్నాను. పైకప్పు చూశాను. ఇంటిదూలాలు లెక్కపెట్టాను. లాభం లేకపోయింది. మిషను ఆగితే ఆ గదిలో ఒక మాట వినబడాలి, నాకు చిన్నప్పటి అలవాటు.

స్తోత్రం!

పిచ్చుకకి చెవుల్లో బాంబు పడ్డట్టయిందట. హెడ్‌ఫోన్ లాగి అవతల పారేసి, నీకు దణ్ణం పెడతానన్నయ్యా అన్నట్టు ఏడుపు మొహంతో చేతులు జోడించింది. ఇంకోసారి రికార్డు చేద్దామనుకునేసరికి విమానాల సైరన్ మోగింది. అత్త అందరినీ బయటికి తోసింది. చెడిపోయిన ఆ ఒక్క టేకే మిగిలింది.

అక్టోబరు 14, మంగళవారం

మైకులో మా అబ్బాయి పేరు వచ్చింది. నవంబరు మూడు, సోమవారం బస్సు.

ఆ హారను నేను అమ్మిందే. గరగర తెలుస్తుంది.

వాడు షాపులో హారన్ల పెట్టె మీద కూర్చుని కాలు ఊపుతూ విన్నాడు. పిచ్చుక తర్వాత ఆ పెట్టె వాడిదే. వెళ్ళకపోతే ఎలా నాన్నా, అందరూ వెళ్ళారు, నేనొక్కడినే ఈ పెట్టెలో దాక్కోనా అన్నాడు. నవ్వుతూ అన్నాడు. మా ఆవిడ నవ్వలేదు. నా వైపు తిరిగి, ఊళ్ళో అందరి పిల్లలకీ చెప్పేవారుగా, ఇప్పుడు చెప్పండి అంది. ఏం చెప్పాలో చెప్పలేదు.

మధ్యాహ్నం పిచ్చుక కెమెరా ముందు నిలబడ్డాను. గంటసేపు. గ్రంథంలో మొదటి అన్నదమ్ముల్లో అన్న చంపిన తమ్ముడి రక్తం నేలలోంచి కేకవేయడం దగ్గర మొదలుపెట్టి ఈ బస్సు దాకా వచ్చాను. జీవితంలో అంత బాగా చెప్పలేదు. గొంతు పోయింది. పిచ్చుక కళ్ళు కూడా తడిసాయి. నేను చూశాను.

అక్టోబరు 17, శుక్రవారం

నిన్న పొద్దున బాంబు పడింది. టైలరు మామ ఇల్లు లేదు. మామ లేడు. అత్త నీళ్ళ కోసం లైన్లో ఉంది కాబట్టి ఉంది.

మట్టి దగ్గర వాక్యం చదివాను. ఎక్కడ ఆగాలో తెలియలేదు.

అక్టోబరు 21, మంగళవారం

నా ప్రసంగం తీసేసింది!

పిచ్చుక నా షాపులోనే లాప్‌టాప్ పెట్టుకుని ఎడిటింగు చేస్తోంది. ఇవాళ ముక్కలన్నీ వరసగా చూపించింది. నేను లేను. బేకరీ ఆవిడ సింహం లేదు. ఎవ్వరి మాటా లేదు. రూమ్ టోన్ కోసం ఊరికే కూర్చున్నారే, ఆ ముక్కలే ఒకదాని వెనక ఒకటి. పిండి డబ్బా, బకెట్టు, నీళ్ళ డ్రమ్ము, గడప. వాటి వైపు చూసే మొహాలు.

ఇది సినిమానా అని అరిచాను. యుద్ధం చెడ్డదని ఒక్కడన్నా చెప్పొద్దా అన్నాను. అది నెమ్మదిగా, మాట్లాడమంటే అందరూ ఆఫీసు మాటలే చెప్పారన్నయ్యా, మాట్లాడొద్దన్నాకే నిజం చెప్పారు అంది. నాదో అన్నాను. నీది చాలా బాగుంది, అందుకే తీసేశాను, నువ్వు మాట్లాడుతుంటే జనం నిన్నే చూస్తారు, స్టూలుని చూడరు అంది.

మా అబ్బాయి బస్సెక్కేది కూడా తెలిసే తీసేశావా అన్నాను. తెలిసే తీశాను అంది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, మీ అన్నగారికి మైకు చేతిలో లేకపోతే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు అంది. ఆడపడుచుతో ఎప్పుడూ పడని మనిషి, ఇప్పుడు ఒకే జట్టు.

ఇంటికొచ్చి గ్రంథం తీశాను, పిచ్చుకని మందలించడానికి వాక్యం కోసం. పేజీలు తిప్పితే ఒకటి తెలిసింది. ఇన్నేళ్ళూ నేను ఎర్ర పెన్సిలుతో గీసిన గీతలన్నీ గద్దింపుల కిందే ఉన్నాయి. గుహలో దాక్కున్న ప్రవక్త దగ్గరికి దేవుడు ఎలా వచ్చాడో ఉన్న చోట గీత లేదు. గాలివానలా రాలేదు ఆయన, సన్నని గుసగుసలా వచ్చాడు.

పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. గీయలేదు.

అక్టోబరు 24, శుక్రవారం

పొద్దున్నే పిచ్చుక వచ్చింది. ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్ నా తలకి తగిలించింది.

మామ గది.

బల్బు సన్నగా పాడుతోంది. ఇస్త్రీపెట్టె చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. గోడ అవతల ఎవరో బకెట్టులోకి నీళ్ళు వంచుతున్నారు. పావురం. చిన్నప్పుడు నేను చదువుతూ ఉంటే వీటన్నిటి మీదా నా గొంతే ఉండేది కాబోలు, ఒక్కటీ వినలేదు. కళ్ళు మూసుకుంటే మిషను నూనె వాసన కూడా వచ్చింది. అంతలో నా స్తోత్రం. బావిలో బిందె జారినట్టు.

తీసేయబోయాను. ఉండు అని చెయ్యి పట్టుకుంది.

కాసేపటికి, చాలా మెల్లగా, నోరు సగమే తెరిచినట్టు, ఆమెన్.

మామ. ఆ రోజు మేం ఎవరమూ వినలేదు. పిచ్చుక అప్పటికే హెడ్‌ఫోన్ పారేసింది. నా చెవులు హారన్ల దగ్గర ఎప్పుడో మొద్దుబారాయి. పిచ్చుక, టేకు చెడిందని దీన్ని పక్కన పడేశాను, నిన్న తుడిచేయబోతూ ఒకసారి విన్నాను అంది.

అత్తని పిలుచుకొచ్చాం. హెడ్‌ఫోన్ చెవులకి పెట్టుకుని కదలకుండా కూర్చుంది. మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, ఆ మనిషి నోట్లో ఎప్పుడూ దారం ముక్క ఉండేది, పెళ్ళినాడు కూడా ఉంది, అందుకే ఆమెన్ అలా నమిలి మింగేస్తాడు, తీసి మాట్లాడవయ్యా అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో అని తిట్టింది. ఆ తిట్టు ఎంత బాగుందో! పాత మధ్యాహ్నాలన్నీ వెనక్కొచ్చాయి.

సినిమా మొత్తానికి మాటలు రెండే. ఒకటి నాది, ఒకటి ఆయనది.

అక్టోబరు 29, బుధవారం

ఆదివారం సాయంత్రం ప్రార్థన హాల్లో సినిమా వేద్దామనుకున్నాం. సోమవారం బస్సు ఎక్కాల్సిన పిల్లలూ తల్లిదండ్రులూ చూడాలని.

ఆఫీసరు పిలిపించాడు. సినిమాలో ఎవరు మాట్లాడతారు అన్నాడు. ఎవరూ మాట్లాడరండీ అన్నాను. మరి ఏం చేస్తారు అన్నాడు. ఊరికే కూర్చుంటారండీ అన్నాను. వేళాకోళమా అన్నాడు. ఆఖరికి తేల్చి చెప్పాడు: నలుగురు చేరి సినిమా చూస్తే హాలుకి తాళం, మైకు కనబడితే షాపుకి తాళం, నువ్వు నోరు తెరిస్తే నీకే తాళం.

ఆ హాలు నా చేతులతో కట్టింది. ఇటుకలు నేనూ మామా మోశాం. ప్రసంగ వేదిక వెనక తెల్లటి తెర మామ కుట్టిందే. గుడ్డ చాలక మధ్యలో అతుకు వేసి, దేవుడు అతుకులు చూడడులేరా అన్నాడు.

ఇంటికొచ్చి ఏం చేద్దామంటావని మా ఆవిడని అడిగాను. హాలు పోతే ఇంకోటి కట్టుకుందాం, వీడు చిరిగితే కుట్టివ్వడానికి మామ కూడా లేడు అంది.

అక్టోబరు 31, శుక్రవారం

మా ఇంటి చప్పుడు పట్టింది పిచ్చుక. నలుగురం కూర్చున్నాం. మా అబ్బాయి షాపులోంచి హారన్ల పెట్టె తెచ్చుకుని దాని మీద కూర్చున్నాడు.

వాడు కాలు ఊపుతుంటే పెట్టె కిర్రుమంటుంది. ఇన్నేళ్ళూ ఆ కిర్రు ఆపరా అని అరుస్తూనే ఉన్నాను. ఇవాళ విన్నాను.

స్తోత్రం రాలేదు.

నవంబరు 2, ఆదివారం, సాయంత్రం

వేశాం.

పిచ్చుక ప్రొజెక్టరు వెలుగు మామ తెర మీద పడింది. అందరి మొహాల మధ్యలోంచి ఆయన వేసిన అతుకు. మైకు లేదు, లాప్‌టాప్ గొంతే. వినాలంటే ఊపిరి బిగబట్టాలి. హాలు కిక్కిరిసింది. ఆఫీసరు మనిషి తాళంకప్పతో వెనక నిలబడ్డాడు. అవగానే వేస్తా అన్నాడు.

పిండి డబ్బా వచ్చింది. బేకరీ ఆవిడ తన మొహం తానే చూసుకుని తలదించుకుంది. బకెట్టు. డ్రమ్ము. గడప. తర్వాత మామ గది.

తెరలోంచి నేను స్తోత్రం అన్నాను. అలవాటు కొద్దీ హాలు హాలంతా ఒక్కసారిగా ఆమెన్ అంది. గోడలు అదిరాయి. కొందరు నవ్వారు. నవ్వు సద్దుమణిగింది. అప్పుడొచ్చింది మామ ఆమెన్. అందరికన్నా ఆలస్యంగా, ఒంటరిగా, దారం పంటికింద పెట్టుకుని.

ఆ తర్వాత ఎవ్వరూ ఏమీ అనలేదు. నేను కట్టిన హాల్లో, నేను నేర్పిన జనం, ఆ ఖాళీని పూడ్చలేదు. సైతాను దూరలేదు. ఇంకెవరో వచ్చి కూర్చున్నట్టుంది.

ఆఖరున మా ఇల్లు. కిర్రు, కిర్రు. సినిమా అయిపోయింది.

మా అబ్బాయి నా పక్కకొచ్చి, నాన్నా, నేను వెళ్ళాక మనిల్లు ఎలా వినబడుతుంది అని అడిగాడు. ప్రపంచంలో దేనికైనా సమాధానం చెప్పేవాడిని. పక్కకి జరిగి వాడికి చోటిచ్చాను. వాడు కూర్చుని, నాకు వెళ్ళాలని లేదు నాన్నా అన్నాడు. నవ్వలేదు ఈసారి.

అందరం బయటికొచ్చాం. హాలుకి తాళం పడింది. మెట్ల మీద అత్త ఒక్కతే లేవలేదు. మా వాడి స్టూలు కాలిపోయింది, ఎవరన్నా ఒకటివ్వండి, పొద్దున్నే బస్టాండుకి పోయి బస్సు ముందు కూర్చుంటాను, మాట్లాడితే కదా పట్టుకునేది అంది.

బేకరీ ఆవిడ ఏమీ అనకుండా పిండి డబ్బా కోసం ఇంటికి నడిచింది.

నవంబరు 3, సోమవారం, బస్టాండు

మా ఆవిడ అందరికన్నా ముందొచ్చింది. ముందు చక్రానికి ఆనించి హారన్ల పెట్టె వేసుకుని కూర్చుంది. ఇటు అత్త. అటు డబ్బా, బకెట్టు, డ్రమ్ము, వాటి మీద వాళ్ళ అమ్మలు. పిచ్చుక కెమెరా తిరుగుతోంది. డ్రైవరు ఇంజను ఆపాడు. ఆఫీసరు మైకులో అరుస్తున్నాడు. ఎవరూ బదులివ్వడం లేదు. నా నోరు మూసే ఉంది, డైరీ రాసే చెయ్యి మాత్రం ఆగడం లేదు.

మా అబ్బాయి సంచి భుజానే ఉంది. ఎక్కలేదు. ఇంకా ఎక్కలేదు.

ఇంకా ఖాళీ ఉంది, వెనక చక్రాల దగ్గర. నువ్వెవరైనా సరే, రా. మీ వాడు దేని మీద కూర్చుంటాడో అది పట్టుకుని రా. ప్రసంగం వద్దు, పాట వద్దు. వచ్చి కూర్చో. రేపు కాదు. ఇవాళ. ఇంజను మళ్ళీ మొదలవకముందే.